లెవెల్ 7 విజార్డ్‌కి ఏ ప్రెస్టీజ్ క్లాస్? మా బావ ఒకటంటున్నాడు, నాకు ఇంకోటి నచ్చింది

గుడ్లగూబ_గాడు
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథల ఆట) 3.5 ఎడిషన్ ఆడుతున్నాం, ఆదివారం రాత్రిళ్లు, ఆన్‌లైన్‌లోనే. నాది ఎల్ఫ్ విజార్డ్ (మంత్రగాడు), లెవెల్ 7, వచ్చే ఆదివారం 8 అవుతాను. ఇన్నాళ్లూ హాయిగా సాగిపోయింది. మొన్న మా డీఎం (ఆట నడిపేవాడు) ప్రెస్టీజ్ క్లాస్ (అర్హతలుంటే మధ్యలో పట్టుకునే ప్రత్యేక వృత్తి) ఏమైనా తీసుకుంటావా, తీసుకుంటే ఇప్పుడే చెప్పు, కథలో దానికి చోటు చూడాలి అన్నాడు. అప్పట్నుంచి ఆఫీసు పని కూడా సరిగ్గా చేయట్లేదు. మూడు కోర్ పుస్తకాలు తప్ప ఇంకేదీ ఒప్పుకోడు కాబట్టి డీఎం గైడ్‌లో ఉన్నవే గతి: ఆర్చ్‌మేజ్, లోర్‌మాస్టర్, మిస్టిక్ థియర్జ్, ఎల్డ్రిచ్ నైట్, ఆర్కేన్ ట్రిక్‌స్టర్, రెడ్ విజార్డ్.

అసలు గొడవ ఇదీ. మా క్లెరిక్ (దేవుడి మంత్రాలతో గాయాలు మాన్పేవాడు) ఆడే అబ్బాయికి ఉద్యోగం మారి ఆదివారాలు కుదరడం లేదు, మానేశాడు. మిగిలింది ఫైటర్, రోగ్ (దొంగ), నేను. దెబ్బలు తగిలితే మాన్పేవాడు లేడు. ఫైటర్ ఆడేది మా బావే. మూడు లెవెల్స్ క్లెరిక్ తీసుకుని మిస్టిక్ థియర్జ్ అయిపో, రెండు రకాల మంత్రాలూ నీ దగ్గరే ఉంటాయి అని ఫోన్ చేసి మరీ చంపుతున్నాడు. నాకేమో లోర్‌మాస్టర్ (పాత చరిత్రలు తెలిసిన పండితుడు) మీద మనసుంది.

వివరాలు: ఇంటెలిజెన్స్ 19, లెవెల్ 8లో 20 చేస్తాను. ఫీట్లు (కొన్ని లెవెల్స్‌కి ఒకటి చొప్పున ఎంచుకునే ప్రత్యేక నేర్పులు) స్పెల్ ఫోకస్ కంజురేషన్, ఇంప్రూవ్డ్ ఇనీషియేటివ్, ఎక్స్‌టెండ్ స్పెల్, క్రాఫ్ట్ వండ్రస్ ఐటమ్. నాలెడ్జ్ ఆర్కానా 10 ర్యాంకులు (ఆ స్కిల్‌లో పెట్టిన పాయింట్లు), స్పెల్‌క్రాఫ్ట్ 10, నాలెడ్జ్ ప్లేన్స్ 7, మిగతావి అక్కడక్కడా చల్లాను. ఫెమిలియర్‌గా (మంత్రగాడి తోడు జంతువు) గుడ్లగూబ ఉంది, పేరు పిచ్చమ్మ.

ఫైర్‌బాల్_ఫణి
విజార్డ్ 20. అయిపోయింది. థ్రెడ్ మూసేయండి.

ఒంగోలు_ఓర్క్
పిచ్చమ్మ 😂😂

ఇరవై_ముఖాలు
@ఫణి విజార్డ్‌గానే ఉండిపోతే వచ్చేదేంటి చెప్పు. 5, 10, 15, 20 లెవెల్స్‌లో ఒక్కో బోనస్ ఫీట్, ఫెమిలియర్ ఎదుగుదల, అంతే కదా. మంత్రాలు ఆపకుండా ఇచ్చే ప్రెస్టీజ్ క్లాస్ ఏది పట్టుకున్నా పెద్దగా పోయేదేమీ లేదు. 3.5లో విజార్డ్ ఆడేవాళ్లందరూ ఏళ్ల తరబడి చెప్పుకునే మాట ఒకటే, క్యాస్టర్ లెవెల్ (మంత్రాలు ఎదిగే లెవెల్) పోగొట్టుకోకు. లోర్‌మాస్టర్ పదికి పది ఇస్తుంది, రెడ్ విజార్డ్ పదికి పది, ఆర్చ్‌మేజ్ ఐదుకి ఐదు. ఎల్డ్రిచ్ నైట్ మొదటి లెవెల్లో ఇవ్వదు, దానికి ముందు ఫైటర్ లెవెల్ ఒకటి దండగ. థియర్జ్ సంగతి నేను చెప్పను, చెప్పేవాళ్లు వస్తారు చూడు.

మాజీ_థియర్జ్
పిలిచారా?

మీ బావ మాట విన్నావో అయిపోయావ్. నేను చేశాను ఆ పని, విజార్డ్ 3, క్లెరిక్ 3, ఆ తర్వాత థియర్జ్. కాగితం మీద చూసుకుంటే నా అంత తెలివైనవాడు లేడు అనిపించింది. తీరా లెవెల్ 6కి వచ్చేసరికి పక్కనున్న సోర్సరర్ ఫైర్‌బాల్‌తో గుంపులు గుంపులు లేపేస్తుంటే నా దగ్గర రెండు రకాల రెండో లెవెల్ మంత్రాలు (మంత్రాల లెవెల్ లెక్క వేరు, మన లెవెల్ వేరు). రెండు జేబులున్నాయి, రెంటిలోనూ చిల్లరే. అందరూ నా టర్న్ వచ్చేసరికి టీ పెట్టుకోడానికి లేచేవాళ్లు, అబద్ధం కాదు.

ఇప్పుడు నీ లెక్క. నువ్వు ఆల్రెడీ విజార్డ్ 7. కాబట్టి 8, 9, 10 మూడూ క్లెరిక్‌కి పోతాయి. ఆ మూడు లెవెల్సూ నీ విజార్డ్ మంత్రాలు నాలుగో లెవెల్ దగ్గరే ఆగిపోయి ఉంటాయి. 11లో థియర్జ్ మొదలవుతుంది. 12కి విజార్డ్ 9, క్లెరిక్ 5. మామూలుగా విజార్డ్‌గా ఉన్నవాడు 11లోనే ఆరో లెవెల్ మంత్రాలు తెరిచి కూర్చుంటాడు, నువ్వు 12లో ఐదో లెవెల్ మొదలుపెడతావు. ఇంతా చేసి క్లెరిక్ 5తో వచ్చేది క్యూర్ సీరియస్ వూండ్స్, 3డీ8+5 (ఎనిమిది ముఖాల పాచికలు మూడు వేసి, ప్లస్ 5). లెవెల్ 12 ఫైటర్‌కి అది ఏ మూలకి? మీ బావ ఒక్క రౌండ్‌లో తినే దెబ్బ అంతకంటే ఎక్కువ.

20 దాకా ఆడితే విజార్డ్ 17, క్లెరిక్ 13 అవుతావు, తొమ్మిదో లెవెల్ మంత్రాలు కూడా వస్తాయి, కాదనను. కానీ అక్కడిదాకా వెళ్లిన ఆట నేను ఇంతవరకూ చూడలేదు.

ఒంగోలు_ఓర్క్
రెంటికీ చెడ్డ రేవడి, 3.5 ఎడిషన్.

ఇరవై_ముఖాలు
గుడ్లగూబా, నీ విజ్డమ్ ఎంత?

గుడ్లగూబ_గాడు
10. ఎందుకు?

ఇరవై_ముఖాలు
ఇక బావతో గొడవ కూడా అక్కర్లేదు. క్లెరిక్ మంత్రం వేయాలంటే విజ్డమ్ 10 ప్లస్ ఆ మంత్రం లెవెల్ ఉండాలి. నీకు జీరో లెవెల్ మంత్రాలు తప్ప ఒకటో లెవెల్ కూడా పడదు. థియర్జ్‌కి రెండో లెవెల్ డివైన్ (దేవుడిచ్చే) మంత్రం వేయగలగాలి, అంటే విజ్డమ్ 12. మూడు లెవెల్స్ క్లెరిక్ తీసుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాడివి.

మాజీ_థియర్జ్
అయ్యో, నేను అంత పెద్ద పోస్టు రాశాక అడిగావా ఈ ప్రశ్న.

కర్ర_కత్తి
ఎల్డ్రిచ్ నైట్‌ని అందరూ ఒక్క వాక్యంలో తీసిపారేస్తున్నారు కాబట్టి నా వంతు. నేను విజార్డ్ 5, ఫైటర్ 1, తర్వాత నైట్. మాది ముగ్గురి టీమ్, ముందు నిలబడేవాడు లేడు, నేనే నిలబడ్డాను. మిర్రర్ ఇమేజ్ వేసుకుని, డబ్బులున్న రోజున స్టోన్‌స్కిన్ వేసుకుని (ఒక్కోసారికి 250 బంగారు నాణేల వజ్రపు పొడి, అది వేసిన ప్రతిసారీ మా రోగ్ ఏడ్చేవాడు) లోపలికి దూరిపోయేవాణ్ణి. రెండు క్యాస్టర్ లెవెల్స్ పోయాయి నిజమే, కానీ ఒక్క సెషన్ కూడా బోర్ కొట్టలేదు. లెక్కలన్నీ లెక్కలే, ఆడేటప్పుడు మజా ఏది అన్నది కూడా చూసుకోవాలి కదా.

ఇరవై_ముఖాలు
@కర్ర_కత్తి నువ్వు చెప్పింది మీ టీమ్‌కి కరెక్టే. వాళ్లకి ఫైటర్ ఉన్నాడు, పైగా బావ. బావ పక్కన నిలబడి వెనక్కి తగ్గమనడం కుదరదు.

కర్ర_కత్తి
అది నిజం.

కాకినాడ_కోబోల్డ్
ఐదో ఎడిషన్‌కి వచ్చేయండి, ఈ గోలంతా ఉండదు. 2014 పుస్తకంలో రెండో లెవెల్లోనే ఎనిమిది స్కూల్స్‌లో (మంత్ర శాఖల్లో) ఒకటి పట్టుకుంటే అయిపోయింది, ర్యాంకులు లేవు, ముందస్తు ఫీట్లు లేవు. డివినేషన్ (తెలియనిది తెలుసుకునే మంత్రాలు) తీసుకుంటే పొద్దున్నే రెండు డీ20లు (ఇరవై ముఖాల పాచికలు) వేసి దాచుకుని, కావాల్సినప్పుడు ఎవరి రోల్ బదులైనా అవి వాడేయొచ్చు. 2024లో సబ్‌క్లాస్ మూడో లెవెల్‌కి జరిపారు, స్కూల్స్ కూడా నాలుగే పెట్టారు అనుకోండి.

ఫైర్‌బాల్_ఫణి
వచ్చాడండీ. బిర్యానీలో ఏ మసాలా వేయాలి అని అడిగితే మ్యాగీ రెండు నిమిషాల్లో అయిపోతుంది అంటాడు.

కాకినాడ_కోబోల్డ్
మ్యాగీ తిన్నవాడికి ఆకలి తీరింది, మీరు ఇంకా ఉల్లిపాయలు తరుగుతున్నారు.

నిద్రపట్టని_డీఎం
డీఎంగా ఒక మాట. అందరూ 20 లెవెల్స్ లెక్క వేస్తున్నారు. ముందు ఆ ఆట ఎక్కడిదాకా వెళ్తుందో మీ డీఎంని అడుగు. ఆర్చ్‌మేజ్‌కి ఏడో లెవెల్ మంత్రాలు కావాలి, అవి విజార్డ్‌కి 13లో వస్తాయి, అంటే ఆర్చ్‌మేజ్ మొదటి లెవెల్ 14లో. ఆర్కానా, స్పెల్‌క్రాఫ్ట్ రెంటిలోనూ 15 ర్యాంకులు, స్పెల్‌క్రాఫ్ట్‌లో స్కిల్ ఫోకస్, రెండు స్కూల్స్‌లో స్పెల్ ఫోకస్ ఉండాలి. నీ ఆట 12లో ఆగిపోయేదైతే ఆ ఫీట్లన్నీ ఎవరికోసం? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నా టేబుల్ దగ్గర ఒకమ్మాయి సరిగ్గా ఇలాగే ఆర్చ్‌మేజ్ కోసం మొదటి లెవెల్ నుంచీ ఫీట్లు కూడబెట్టింది. 11లో ఉండగా ఇద్దరికి పెళ్లిళ్లు కుదిరాయి, ఒకరికి పిల్లాడు పుట్టాడు, ఆట అక్కడే ఆగింది. ఆ షీట్ ఇంకా నా ఫోల్డర్‌లోనే ఉంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు దాని గురించే అడుగుతుంది.

గుడ్లగూబ_గాడు
అడిగాను ఇప్పుడే. 12, మహా అయితే 13 దాకా అన్నాడు. ఆర్చ్‌మేజ్ ఔట్. రెడ్ విజార్డ్‌కి థే దేశపు మనిషై ఉండాలి, నేను ఎల్ఫ్‌ని, అదీ ఔట్. ట్రిక్‌స్టర్‌కి స్నీక్ అటాక్ 2డీ6 కావాలి, అంటే మూడు లెవెల్స్ రోగ్, మళ్లీ అదే కథ. లోర్‌మాస్టర్ లేదా ఫణి గారి విజార్డ్ 20.

ఇరవై_ముఖాలు
లోర్‌మాస్టర్ అయితే వచ్చే లెవెల్లో ప్లేన్స్‌కి మూడు ర్యాంకులు పెట్టి పది చేసెయ్, 9లో దూరిపో.

పుస్తకాల_పురుగు
దూరలేడు. @ఇరవై_ముఖాలు ఫీట్లు లెక్కపెట్టావా? లోర్‌మాస్టర్‌కి మెటామ్యాజిక్ (మంత్రాన్ని మార్చి వేసే) లేదా వస్తువులు తయారుచేసే ఫీట్లు మూడు కావాలి. స్క్రైబ్ స్క్రోల్ విజార్డ్‌కి మొదటి లెవెల్లో ఊరికే వస్తుంది, ఎక్స్‌టెండ్ స్పెల్ రెండోది, క్రాఫ్ట్ వండ్రస్ మూడోది, బాగానే ఉంది. కానీ ఏదో ఒక నాలెడ్జ్‌లో స్కిల్ ఫోకస్ కూడా ఉండాలి. అది అతని దగ్గర లేదు. తర్వాతి ఫీట్ 9లో. కాబట్టి 8, 9 రెండూ విజార్డ్‌గానే తీసుకుని, 9లో స్కిల్ ఫోకస్ పెట్టి, 10లో లోర్‌మాస్టర్ 1. ఆట 12లో ఆగితే మొత్తం మూడు లెవెల్స్ దొరుకుతాయి.

డివినేషన్ మంత్రాలు ఏడు ఉండాలి, అందులో ఒకటి మూడో లెవెల్ లేదా పైది. దీనికి చాలామంది భయపడతారు, అనవసరం. డిటెక్ట్ మ్యాజిక్, రీడ్ మ్యాజిక్, డిటెక్ట్ పాయిజన్ మూడూ డివినేషనే, జీరో లెవెల్వి, నీ పుస్తకంలో మొదటి రోజు నుంచీ ఉన్నాయి. ఐడెంటిఫై ఎలాగూ ఉంటుంది. సీ ఇన్విజిబిలిటీ, డిటెక్ట్ థాట్స్, మూడో లెవెల్లో టంగ్స్ లేదా ఆర్కేన్ సైట్. ఏడు.

ఇరవై_ముఖాలు
స్కిల్ ఫోకస్ మర్చిపోయాను, ఒప్పుకుంటున్నా. పీహెచ్‌బీ 2 (ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2)లో ఫీట్ మార్చుకునే రూల్ ఉంది కానీ కోర్ మాత్రమే అన్నాడుగా.

ఫైర్‌బాల్_ఫణి
ఇప్పుడు నేను లెక్క చెప్తా వినండి. 9లో ఒక ఫీట్ స్కిల్ ఫోకస్‌కి తగలేస్తాడు. 10 విజార్డ్‌గా తీసుకుంటే వచ్చే బోనస్ ఫీట్ పోతుంది. మొత్తం రెండు ఫీట్లు నష్టం. లాభం? లోర్‌మాస్టర్ ఇచ్చే సీక్రెట్స్ (పట్టికలోంచి ఎంచుకునే చిన్న వరాలు) 1లో ఒకటి, 3లో ఒకటి. ఏది ఎంచుకోవచ్చు అన్నది లోర్‌మాస్టర్ లెవెల్ ప్లస్ ఇంటెలిజెన్స్ మాడిఫయర్. అతనికి 20 అంటే ప్లస్ 5. మొదటిసారి 1+5 ఆరు, పట్టికలో ఆరోదైన వెపన్ ట్రిక్ దాకా. అటాక్ రోల్‌కి ప్లస్ ఒకటి. విజార్డ్‌కి. కర్రతో కొట్టడానికి. 12లో 3+5 ఎనిమిది, అప్పుడు అప్లికబుల్ నాలెడ్జ్, అంటే ఏదో ఒక ఫీట్. ఆట అయిపోయే లెవెల్లో. ఇంత చదువు చదివి తెచ్చుకున్న ఉద్యోగం అదీ.

ఒంగోలు_ఓర్క్
బీటెక్ చేసి బీపీవోలో చేరినట్టు.

పుస్తకాల_పురుగు
ఫణి లెక్క తప్పు కాదు కానీ ఒకటి వదిలేశాడు. అతని దగ్గర క్రాఫ్ట్ వండ్రస్ ఐటమ్ ఉంది. హెడ్‌బ్యాండ్ ఆఫ్ ఇంటెలెక్ట్ ప్లస్ 4 బయట కొంటే 16,000 బంగారు నాణేలు, సొంతంగా చేసుకుంటే 8,000, 640 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), 16 రోజులు. లెవెల్ 9 వాడి దగ్గర పుస్తకం ప్రకారం 36,000 విలువైన సరుకు ఉండాలి, కాబట్టి అందని పండేమీ కాదు. పెట్టుకుంటే ఇంటెలిజెన్స్ 24, ప్లస్ 7. లోర్‌మాస్టర్ మొదటి లెవెల్లోనే 1+7 ఎనిమిది. పోయిన ఫీట్ ఆ రోజే వెనక్కి వచ్చేసింది, అదీ నచ్చిన ఫీట్, విజార్డ్ 10లో ఇచ్చేది మెటామ్యాజిక్, తయారీ ఫీట్లు, స్పెల్ మాస్టరీ వరకే పరిమితం. 12లో 3+7 పది, రోజుకి ఒక రెండో లెవెల్ మంత్రం అదనం.

ఫైర్‌బాల్_ఫణి
హెడ్‌బ్యాండ్ తీసేస్తే సీక్రెట్ మర్చిపోతాడా మరి? మా తాతయ్య కళ్లజోడు తీసేస్తే చెవులు వినపడవు అనేవాడు, అలాగా?

నిద్రపట్టని_డీఎం
నా టేబుల్ అయితే ఒప్పుకుంటాను, కానీ ఎవడైనా ఆ హెడ్‌బ్యాండ్ కొట్టేశాడంటే ఆ ఫీట్ కూడా పోతుందని ముందే చెప్తాను. అప్పుడు వచ్చే కథ నాకు ఫ్రీ.

పుస్తకాల_పురుగు
ఇంకో సంగతి, దీన్ని ఎవరూ ఎత్తలేదు. లోర్‌మాస్టర్‌కి లెవెల్‌కి 4 ప్లస్ ఇంటెలిజెన్స్ స్కిల్ పాయింట్లు, విజార్డ్‌కి 2 ప్లస్. పైగా యూజ్ మ్యాజిక్ డివైస్ (తన క్లాస్‌వి కాని మంత్ర వస్తువులు వాడే స్కిల్) లోర్‌మాస్టర్ స్కిల్స్‌లో ఉంది. అంటే క్యూర్ లైట్ వూండ్స్ (చిన్న గాయాలు మాన్పే) వాండ్ కొని అతనే వాడొచ్చు. 750 నాణేలు, 50 ఛార్జ్‌లు, ఒక్కోటి 1డీ8+1, సగటున ఒక్క వాండ్‌తో 275 హిట్ పాయింట్లు. మాజీ థియర్జ్ మూడు లెవెల్స్ పోగొట్టుకుని చేసిన పని.

మాజీ_థియర్జ్
మానుతున్న పుండు మీద కారం చల్లకండి.

ఇరవై_ముఖాలు
కానీ అది 10వ లెవెల్లో కదా, అప్పటిదాకా ఎవరు మాన్పుతారు? అన్నట్టు టీమ్‌లో రోగ్ ఉన్నాడు. రోగ్‌కి యూజ్ మ్యాజిక్ డివైస్ మొదటి రోజు నుంచీ క్లాస్ స్కిల్. వాండ్ అతని చేతికి ఇవ్వండి! లెవెల్ 8లో వాండ్ పని చేయడానికి కావాల్సిన ఇరవై కొట్టడం పెద్ద కష్టం కాదు. యుద్ధం అయ్యాక తాపీగా ఎన్నిసార్లైనా ప్రయత్నించుకోవచ్చు కూడా.

అర్ధరాత్రి_రోగ్
ఆ రోగ్‌ని నేనే. లింక్ ఇప్పుడే వాడు గ్రూప్‌లో పెడితే చూశాను. నన్ను ఒక్క మాట అడక్కుండా నా స్కిల్ పాయింట్లు పంచేస్తున్నారేంట్రా. ఆ స్కిల్‌లో నాకు ఒక్క ర్యాంకు కూడా లేదు, అన్నీ హైడ్, మూవ్ సైలెంట్లీ, తాళాలు.

పుస్తకాల_పురుగు
ఇంటెలిజెన్స్ ఎంత, కరిష్మా ఎంత?

అర్ధరాత్రి_రోగ్
రెండూ 14.

పుస్తకాల_పురుగు
వచ్చే లెవెల్లో 8+2, పది పాయింట్లు వస్తాయి. అన్నీ అందులో పెడితే 10+2, ప్లస్ 12. డీ20 మీద 8 పడితే చాలు. వందకి 65 సార్లు పని చేస్తుంది.

అర్ధరాత్రి_రోగ్
అన్నీ?? దొంగగా చేరితే నర్సు ఉద్యోగం ఇస్తున్నారు.

ఫైర్‌బాల్_ఫణి
జీతం పెంచమను. దొరికిన సొమ్ములో పది శాతం మెడికల్ అలవెన్స్.

గుడ్లగూబ_గాడు
రోగ్ అన్నా, నువ్వు ఒప్పుకుంటే నేను క్లెరిక్ బారిన పడకుండా బయటపడతా. వాండ్ డబ్బులు నావి. 10లో లోర్‌మాస్టర్ అయ్యాక నేనూ ఆ స్కిల్ నేర్చుకుంటా, అప్పుడు నీకు విముక్తి.

అర్ధరాత్రి_రోగ్
రెండు వాండ్లు. ముందే కొను. ఆ తర్వాత మాట్లాడదాం.

కర్ర_కత్తి
ఇంతకీ పిచ్చమ్మ సంగతి? లోర్‌మాస్టర్ లెవెల్స్ ఫెమిలియర్‌కి కలవవు కదా.

పుస్తకాల_పురుగు
కలవవు. విజార్డ్ 9 దగ్గరే ఆగిపోతుంది. విజార్డ్ 11 అయ్యుంటే దానికి స్పెల్ రెసిస్టెన్స్ (మంత్రాలని తట్టుకునే శక్తి) వచ్చేది.

గుడ్లగూబ_గాడు
ఇది మాత్రం కాస్త బాధగానే ఉంది. దాన్ని యుద్ధంలోకి పంపను కాబట్టి సర్దుకుంటాను. చచ్చిపోతే నా లెవెల్‌కి 200 చొప్పున ఎక్స్‌పీ పోతుంది, ఆ భయంతోనే ఇన్నాళ్లూ చంకలో పెట్టుకుని తిరిగాను.

ఫణి గారు చెప్పిన లెక్క రెండుసార్లు వేసుకున్నాను. నిజమే, 12 దాకా అయితే లోర్‌మాస్టర్‌తో నాకు లాభమూ లేదు, నష్టమూ లేదు. కానీ మా ఆట అంతా పాత కోటలు, చచ్చిపోయిన రాజ్యాల గొడవ. రెండో లెవెల్లో వచ్చే లోర్‌తో ఏ పాత కత్తి చూపించినా, ఏ ఊరి పేరు చెప్పినా, ఇది ఎవరిది అని ఒక రోల్ వేసి అడగొచ్చు. డీఎం రాసుకున్న చరిత్ర అంతా వినేవాడు ఎవడూ లేక ఏడుస్తున్నాడు పాపం. నేను వింటాను. లోర్‌మాస్టరే.

ఫైర్‌బాల్_ఫణి
ముందే చెప్పొచ్చుగా కథ కోసమని, లెక్కలు వేయించకుండా. సరే, కానీ.

నిద్రపట్టని_డీఎం
మీ డీఎం నంబరు ఇవ్వు, అలాంటి ప్లేయర్ దొరికినందుకు అభినందనలు చెప్పాలి.

కాకినాడ_కోబోల్డ్
ఉల్లిపాయలు తరగడం అయ్యిందా?

గుడ్లగూబ_గాడు
ఆదివారం సెషన్ అయ్యింది, అప్‌డేట్. హెడ్‌బ్యాండ్‌కి డీఎం ఓకే అన్నాడు, పైన చెప్పిన డీఎం గారు పెట్టిన షరతే పెట్టాడు, మీరంతా ఒకే చోట శిక్షణ తీసుకుంటారా ఏంటి? రోగ్ అన్న ఏడ్చుకుంటూనే పది ర్యాంకులూ పెట్టాడు. గుడిలో రెండు వాండ్లు కొన్నాం. సాయంత్రానికల్లా ట్రోల్స్ రెండు తగిలాయి, మా బావ 9 హిట్ పాయింట్ల మీద నిలబడ్డాడు. అన్న వాండ్ తీశాడు, రోల్ వేశాడు, 1 పడింది. నాచురల్ వన్ పడి ఫెయిల్ అయితే ఆ వాండ్ 24 గంటలు పని చేయదు.

అర్ధరాత్రి_రోగ్
అందుకే రెండు కొనమన్నాను.

ఒంగోలు_ఓర్క్
రెండోది?

గుడ్లగూబ_గాడు
రెండోది నా సంచిలో ఉంది. నేను అరవై అడుగుల అవతల ఉన్నాను. పిచ్చమ్మ తీసుకెళ్లి ఇచ్చింది.